ఆగమన్నవాడి కూలి పోకూడదు

2014 జూన్ 27. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. కోనసీమలో మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలింది. పడుకున్నవాళ్లు పడుకున్నచోటే, బయటికొచ్చినవాళ్లు రోడ్డుమీదే మంటల్లో చిక్కుకున్నారు. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. తాటిపాక నుంచి కొండపల్లి దగ్గరి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తీసుకెళ్లే లైను అది. తేమ తీసేసిన పొడి గ్యాస్ నడవాల్సిన గొట్టంలో తడి గ్యాస్ నడిచింది. ఆ తడి లోపల్నుంచి ఇనుమును తినేసింది. తర్వాత ఊరివాళ్లు అన్నది ఒకటే మాట: వాసన వస్తోందని మేం ముందే చెప్పామండి, ఎవరూ పట్టించుకోలేదు.

ఆ మాటను అంత తేలిగ్గా దాటిపోకూడదు. ప్రమాదమంటే ఏమిటో తెలియకే మనుషులు చచ్చిపోతున్నారని సభల్లో చెబుతుంటారు. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవానికి ఫ్లెక్సీ కడతారు, నిలబెట్టి ప్రతిజ్ఞ చేయిస్తారు. అవగాహన అక్కర్లేదని నేననను. కానీ ఆ నగరం గ్రామంలో తెలియనిదేముంది? ముక్కున్న ప్రతివాడికీ తెలిసింది. నోరున్నవాళ్లు చెప్పారు కూడా. అయినా గొట్టంలో గ్యాస్ ఆగలేదు. చెప్పినవాడి మాటకి మన దగ్గర విలువ లేదు. మన ప్రాంతపు అసలు జబ్బు అదేనని నా నమ్మకం.

కోనసీమకి మంట కొత్త కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో ఎగసిన మంట 65 రోజులు మండింది. 2026 జనవరిలో మలికిపురం మండలం ఇరుసుమండలో ఓఎన్‌జీసీ బావి మళ్లీ ఎగదన్నింది, జనం ఇళ్లు వదిలి వెళ్లారు. పెద్ద మంటను ఊరు మర్చిపోదు, పత్రికలు రాస్తాయి, మంత్రులు వస్తారు. ఒక్కొక్కరుగా పోయేవాళ్ల సంగతే ఎవరికీ పట్టదు. కొబ్బరి దింపుకి చెట్టెక్కి పడ్డవాడు, రొయ్యల చెరువులో గాలి కలిపే ఏరియేటర్ తీగ తగిలి పోయినవాడు, కొబ్బరి పీచు మిల్లులో వేళ్లు పోగొట్టుకున్న ఆడమనిషి. వాళ్ల గురించి మనం అనేది ఒకటే, వాడి రాత అలా ఉంది.

రాత అనకండి. మొగల్తూరు సంగతి చూడండి. వశిష్ఠ దాటితే పశ్చిమ గోదావరి. అక్కడ నల్లంవారితోటలో ఒక ఆక్వా పరిశ్రమలో 2017 మార్చి 30న వ్యర్థాల ట్యాంకు శుభ్రం చేసే పనిలో ఐదుగురు చనిపోయారు. రొయ్య తొక్కలు, కడిగిన నీళ్లు, బురద కలిసి మూతపెట్టిన ట్యాంకులో కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. గాలికంటే బరువైంది కాబట్టి అడుగునే పరుచుకుని ఉంటుంది. కొంచెంగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. మోతాదు పెరిగేసరికి ముక్కే మొద్దుబారిపోతుంది, వాసన తెలియదు. వాసన పోయింది కదా, దిగొచ్చు అనుకుంటాడు మనిషి. రెండు మూడు గుక్కలకే కూలిపోతాడు.

ఇలాంటి గోతుల్లో మొదటివాడు ఒక్కడే పోవడం అరుదు. పైనున్నవాడు తోటివాడు పడిపోవడం చూస్తాడు. అన్నో, బావో, పక్కింటి కుర్రాడో అయ్యుంటాడు. చూస్తూ ఊరుకునే మనుషులం కాదు మనం, వెంటనే దూకుతాడు. వాణ్ని తీయడానికి ఇంకొకడు. దేశం నిండా సెప్టిక్ ట్యాంకుల్లో, బావుల్లో, నూనె మిల్లుల గోతుల్లో శవాలు జంటలుగా, మూడేసిగా పైకొచ్చేది ఇందుకే. మనలోని మంచితనమే అక్కడ మనుషుల్ని మింగుతోంది. దిగేముందు మూత తీసి, బ్లోయరుతో గాలి కొట్టించి, గ్యాస్ కొలిచే పరికరం దించి చూసి, దిగేవాడి ఒంటికి బెల్టు కట్టి, ఆ తాడు పట్టుకుని పైన ఒక మనిషి నిలబడితే ఆ మంచితనం ప్రాణం నిలబెడుతుంది. తాడు లేకుండా దిగమన్న మేస్త్రీతో, నేను దిగను, ఎవర్నీ దిగనివ్వను అని చెప్పడం కూడా తోటివాడిమీద ప్రేమే.

మందుగుండు పనిలోనూ తెలియక కాదు. రాయవరంలో 2025 అక్టోబర్ 8న, దీపావళి ఇంకా పన్నెండు రోజులుందనగా, బాణసంచా తయారుచేసేచోట పేలుడు జరిగింది. పనివాళ్లతోపాటు యజమాని కూడా చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఇలాంటి పేలుడులోనే ఎనిమిది మంది పోయారు. పండగ దగ్గరపడేకొద్దీ ఆర్డర్లు పెరుగుతాయి. మందు కలిపేచోట, కూరేచోట, సరుకు పేర్చేచోట మధ్య ఉండాల్సిన దూరం తగ్గిపోతుంది. రాపిడికి, ఒంటిమీది నైలాను బట్ట పుట్టించే నిప్పురవ్వకి అంటుకునే పదార్థం అది. ఒకచోట కొంచెమే ఉంటే ఒకరికి కాలుతుంది. అంతా ఒకచోటే ఉంటే గోడలు కూలతాయి. ఈ లెక్క పనిచేసేవాళ్లకి తెలుసు, చేయించేవాళ్లకీ తెలుసు. అయినా, ఇవాళ్టికి ఇంతే కలుపుదాం, మిగతాది రేపు అని అనగలిగినవాడు ఎవడు? అంటే రేపట్నుంచి రానక్కర్లేదంటారు. పిల్లల ఫీజు కళ్లముందు మెదులుతుంది. నోరు మూతపడుతుంది.

అంబాజీపేట చుట్టుపక్కల ఏ పీచు మిల్లుకైనా వెళ్లి పది నిమిషాలు నిలబడి చూడండి. మోటారు నుంచి యంత్రానికి బెల్టు పోతూ ఉంటుంది, చాలాచోట్ల దానికి తొడుగు ఉండదు. కొబ్బరి డొక్కలు అందించే ఆడవాళ్లు కొంగు నడుముకి బిగించి దోపుకుని, ముక్కుకి ఏ పాత గుడ్డో కట్టుకుని ఉంటారు. పొట్టు గాలిలో తేలుతూ జుట్టు మీద, రెప్పల మీద పేరుకుంటుంది. డొక్క ఇరుక్కుంటే యంత్రం ఆపరు, చేత్తోనే తోస్తారు. అడిగితే, అలవాటేనండి, ఏం కాదండి, ఆయ్ అంటారు. ఆపితే లోడు తగ్గుతుంది, లోడు తగ్గితే కూలి తగ్గుతుంది. ఆ యంత్రంలోకి చెయ్యి తోయిస్తున్నది ఆ కూలి లెక్కే. దాన్ని అలవాటు అనడం మనకి అలవాటైంది.

రొయ్యల చెరువుల దగ్గరా ఇంతే. ఏరియేటర్లకి నీళ్లమీదుగా తీగలు లాగుతారు, అతుకుల మీద టేపు చుడతారు. 30 మిల్లీ యాంపియర్ల లీకేజీకే కరెంటు కొట్టేసే బ్రేకర్ ఒకటుంది. చెరువు మీద పెట్టే మేత ఖర్చు పక్కన దాని ధర లెక్కలోకే రాదు. అది బిగించని గట్టు మీద రాత్రి కాపలాకి మనిషిని ఎలా పడుకోబెడతాం?

మన జిల్లాలో గల్ఫ్‌కి మనుషులు వెళ్లని ఊరు అరుదు. అక్కడ సైటు పనిచేసి వచ్చిన ఏ కుర్రాణ్ని అడిగినా చెబుతాడు, బెల్టు కట్టకుండా పైకెక్కితే సూపర్‌వైజర్ కిందికి దింపేస్తాడని, పొద్దున్నే అందరినీ నిలబెట్టి ఈరోజు పనిలో ప్రమాదం ఎక్కడుందో చెప్పి కానీ పని మొదలుపెట్టరని. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదు. అక్కడా కష్టాలున్నాయి, ఎండకి పోయినవాళ్లూ ఉన్నారు, నేను కాదనను. కానీ అదే కుర్రాడు రాజోలు వచ్చి మూడో అంతస్తు పరంజా మీద హవాయి చెప్పులతో నిలబడతాడు. అతను మారలేదు. అక్కడ ఎవరో గట్టిగా అడిగారు, ఇక్కడ మనం అడగలేదు.

చట్టం లేక కాదు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 41-హెచ్ సెక్షన్ చేర్చారు. ప్రమాదకరమైన ప్రక్రియలు నడిచే ఫ్యాక్టరీలో ప్రాణానికి ముప్పుందని పనివాడికి అనిపిస్తే యాజమాన్యానికి చెప్పొచ్చని, ఇన్‌స్పెక్టర్ దృష్టికి తీసుకెళ్లొచ్చని, ముప్పు నిజమైతే యాజమాన్యం వెంటనే సరిచేయాలని అందులో ఉండేది. హెచ్చరించే హక్కు ఇచ్చింది గానీ, హెచ్చరించి పని ఆపినవాడి ఆ పూట కూలి సంగతి ఆ సెక్షన్ ఎత్తలేదు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో కరెంటుతో నడిచేచోట 20 మంది పనివాళ్లుంటేనే ఫ్యాక్టరీ. ఇంతకుముందు 10 మంది చాలు. మన పీచు మిల్లులు, ఐస్ ఫ్యాక్టరీలు, వెల్డింగ్ షాపుల్లో ఎన్నింట్లో 20 మంది ఉంటారు? కొబ్బరి దింపుకైతే ఫ్యాక్టరీ అన్న మాటే వర్తించదు. ఇన్‌స్పెక్టర్ రాని చోట్లే మనలో ఎక్కువమంది పనిచేస్తున్నారు. అక్కడ ఊరే ఇన్‌స్పెక్టర్ కావాలి.

రోజుకూలీ మీద ఒంటరిగా ఇంత బరువు పెట్టి, ధైర్యంగా అడుగు అని బోధించడం అన్యాయం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒడంబడిక 13వ అధికరణంలో ఒక మాట ఉంది: ప్రాణాపాయం ఉందని సహేతుకంగా నమ్మి పని వదిలి బయటికొచ్చినవాడికి దానివల్ల అనుచితమైన కీడు జరగకుండా కాపాడాలి. దీన్ని మన ఊళ్లో కట్టుబాటుగా తెచ్చుకోవడానికి ఏ జీవో కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ప్రమాదమని ఆగినవాడికి ఆ పూట కూలి ఇవ్వాలి. మర్నాడు పనిలోంచి తీయకూడదు. తీసినవాడి దగ్గరికి ఆ వీధిలో ఎవరూ పనికి వెళ్లకూడదు. చావులకీ, పెళ్లిళ్లకీ ఒక్కమాట మీద నిలబడే ఊళ్లు మనవి. బతికుండగా మనిషి కోసం కూడా నిలబడగలం.

రైతులకి నా మనవి. వాన పడి మాను జారుతున్న రోజు దింపు పెట్టకండి. రెండు రోజులు ఆగితే కాయ ఎక్కడికీ పోదు. చెట్టెక్కేవాళ్ల కోసం కొబ్బరి అభివృద్ధి మండలి కేర సురక్ష బీమా నడుపుతోంది, ప్రీమియంలో ఎక్కువ భాగం మండలే భరిస్తుంది. మీ తోటకి వచ్చే దింపు కార్మికుడికి ఆ బీమా ఉందో లేదో అడగండి. లేకపోతే అతనివంతు డబ్బు మీరు కట్టండి. కార్మిక సంఘాల పెద్దలారా, పరిహారం కోసం ఆసుపత్రి ముందు మీరు చేసే ధర్నాకి నా నమస్కారం. అందులో సగం పట్టుదలతో, మనిషి పోకముందు మిల్లు గేటు దగ్గర కూర్చోండి. పంచాయతీ పెద్దలు వచ్చే గ్రామసభలో ఊళ్లో ఉన్న ప్రతి మిల్లు, ప్రతి గోదాము, ప్రతి పైపులైను పేరు చదివించి, వాటిలో ఏం నిల్వ ఉందో, వాసన వస్తే ఎవరికి ఫోన్ చేయాలో గోడమీద రాయించండి. డ్వాక్రా అక్కచెల్లెళ్లు నెలవారీ సమావేశంలో అప్పుల లెక్కతోపాటు, ఈ నెల ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరు తప్పించుకున్నారు అని కూడా రాసుకోండి. తప్పిన ప్రమాదాన్ని రాసి పెట్టుకున్నచోట తర్వాతిదాన్ని ఆపడం తేలిక.

మిల్లు యజమానులారా, బెల్టుకి జాలీ తొడుగు చేయించడానికి అమలాపురంలోనో కొత్తపేటలోనో వెల్డింగ్ షాపులో ఒక పూట పని. కొలతలు తీసుకోవడానికి ఈ వారంలోనే పిలిపించండి. ఇరుక్కున్న డొక్క తీయడానికి యంత్రం ఆపినంతసేపూ లోడు లెక్కలోంచి కోత పెట్టనని మీ పనివాళ్లందరి ముందూ నోటితో చెప్పండి.