పుట్టగొడుగుకు పెట్టుబడి కన్నా పాకే ముఖ్యం

తొలకరి ఉరుములకు పుట్టల మీద లేచే పుట్టగొడుగులను ఏరుకొచ్చి కూర వండుకోవడం డెల్టా పల్లెలకు కొత్త కాదు. వాటిని ఇంట్లో పెంచి అమ్ముకోవడం మాత్రం కొత్తే. పొదుపు సంఘాల మహిళలు, చదువు ముగించి ఊళ్లోనే ఉన్న యువకులు ఈ పనిపై ఆసక్తి చూపడం సంతోషించదగిన విషయమే. అయితే అప్పు తెచ్చి, సంచులు వేలాడదీసి, పక్షం తిరగకముందే వాటిలో ఆకుపచ్చ బూజు చూసి దిగాలు పడేవారు కూడా ఉన్నారు. వారి కష్టంలో లోపం లేదు. పుట్టగొడుగు స్వభావం ముందుగా ఎవరూ విడమరిచి చెప్పకపోవడమే లోపం.

పుట్టల మీద లేచేది వేరు, సంచుల్లో పెంచేది వేరు. సంచుల్లో పెంచే ముత్యపుచిప్ప పుట్టగొడుగు సహజంగా పుచ్చిన మానుల మీద పుడుతుంది. కొయ్యలోని పీచును కరిగించి తినడమే దాని బతుకు. 1917లో జర్మనీ శాస్త్రవేత్త ఫాల్క్ దీనిని చెట్ల మొద్దుల మీద పెంచి చూపించాడు. కొయ్యలో ఉండే పీచు పదార్థాలే వరిగడ్డిలోనూ ఉన్నాయి. అందుకే కోత కాగానే పొలంలో తగలబెడుతున్న గడ్డి దీనికి మంచి మేత. కిలో ఎండు గడ్డికి అరకిలో నుంచి ముప్పావు కిలో దాకా పచ్చి పుట్టగొడుగులు రావడం సాధ్యమే. ఎరువు అక్కరలేదు, ఎకరాలు అక్కరలేదు. కావలసినవి శుభ్రత, చల్లదనం, తేమ, గాలి.

గడ్డి కొత్తదై, వానకు తడవనిదై ఉండాలి. రెండు మూడు అంగుళాల ముక్కలుగా నరికి, రాత్రంతా నానబెట్టి, మరునాడు వేడి నీటిలో గంటసేపు ఉంచితే బూజు విత్తులు చాలావరకు నశిస్తాయి. తరువాత నీడన ఆరబెట్టాలి. గుప్పెట పట్టి పిండితే చెయ్యి తడవాలి కాని చుక్క రాలకూడదు. చుక్క రాలితే లోపల గాలి ఆడక గడ్డి కుళ్లుతుంది. పది కిలోల తడి గడ్డికి 200 నుంచి 300 గ్రాముల విత్తనం వరుసలుగా చల్లి సంచి కట్టి, చిన్న రంధ్రాలు పెట్టాలి. రెండు మూడు వారాలు చీకటి గదిలో ఉంచితే గడ్డి అంతా తెల్లని దారాలతో అల్లుకుంటుంది. ఆపైన సంచి విప్పి, కొద్దిపాటి వెలుతురు, ధారాళమైన గాలి ఇస్తూ, పూటపూటా సన్నగా నీరు చిలకరించాలి. కాడ సాగి గొడుగు చిన్నబోతే గాలి చాలలేదని గుర్తించాలి. అంచులు పైకి ముడుచుకోకముందే కోయాలి. ఆలస్యమైతే రాలే పొడి వల్ల కొందరికి దగ్గు, ఆయాసం వస్తాయి.

ఇవన్నీ చేసినా పాక వేడెక్కితే ఫలితం దక్కదు. 20 నుంచి 30 డిగ్రీల మధ్య వేడి, వందకు 80 పాళ్లకు పైగా తేమ ఉంటేనే ఇది సుఖంగా ఎదుగుతుంది. తాటాకు పాక వేసి, నేలన ఇసుక పరచి తడుపుతూ, చుట్టూ తడి గోనెపట్టాలు కట్టినా, 40 డిగ్రీలు దాటే మే నెల ఎండలను తట్టుకోవడం కష్టం. కార్తీకం నుంచి మాఘం వరకు దీనికి అనువైన కాలం. వేసవిలో పెంచదలచినవారు 30 డిగ్రీలు దాటిన వేడినీ ఓర్చుకునే పాల పుట్టగొడుగును ఎంచుకోవాలి. దానికి సంచిపై శుద్ధిచేసిన మట్టి పొర వేయవలసి ఉంటుంది.

కాబట్టి అప్పు ఇచ్చేవారు కాగితాలతో పాటు పాకను కూడా చూడాలి. శిక్షణ ఇచ్చే కృషి విజ్ఞాన కేంద్రాలు చలికాలానికి ముందే, ఆశ్వయుజంలో, పల్లెలకు వచ్చి చేసి చూపిస్తే ఎంతో మేలు. విత్తనం అమ్మేవారు సంచిపై తయారీ తేదీ వేయాలి. పంటంతా తామే కొంటామని చెప్పేవారి మాట నోటితో కాక కాగితం మీద ఉండాలి. కోసిన పుట్టగొడుగు ఒకటి రెండు రోజులకు మించి నిలవదు కనుక, కొనేవారు దొరకకుంటే నష్టపోయేది పెంచినవారే.

పెంచేవారు కూడా వంద సంచులతో కాక పది సంచులతో మొదలుపెట్టడం మంచిది. పది సంచులు పోయినా మిగిలేది అనుభవం. వంద సంచులు పోతే మిగిలేది అప్పు. ముందు పాక చల్లబడాలి, ఆ తరువాతే సంచి కట్టాలి.