ఫర్మ్‌వేర్ పాఠానికి మామూలు ల్యాప్‌టాప్ చాలు

కంప్యూటర్ ఆన్ చేయగానే ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందు మేల్కొనేది ఫర్మ్‌వేర్. మెమొరీని, డిస్కును సిద్ధం చేసి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు పగ్గాలు అప్పగించేది అదే. తరగతి గదిలో మాత్రం దానికి దక్కే చోటు తక్కువ.

భయం కూడా ఇందుకు ఒక కారణం. అసలు బోర్డులో తప్పుడు ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే యంత్రం మళ్లీ లేవకపోవచ్చు. వర్చువల్ మెషీన్‌లో ఆ భయం లేదు. అక్కడ ఫర్మ్‌వేర్ అంటే కొన్ని మెగాబైట్ల ఫైలే. ఈడీకే-2 అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో వర్చువల్ మెషీన్ల కోసం ఓవీఎంఎఫ్ అనే ఫర్మ్‌వేర్ ఉంది. విద్యార్థి దాని కోడ్‌ను డౌన్‌లోడ్ చేసుకుని, ఒక వరుస మార్చి, కంపైల్ చేసి, క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో నడిపి చూడవచ్చు. చెడిపోతే ఆ ఫైలు తీసేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఈ అభ్యాసం అవసరం కూడా. ఎన్నో కంపెనీల ఫర్మ్‌వేర్‌కు ఈడీకే-2 కోడే పునాది. 2024 జనవరిలో దాని నెట్‌వర్క్ భాగంలోని 9 భద్రతా లోపాలు బయటపడ్డాయి. కోడ్ అందరికీ తెరిచి ఉంటే చాలదు, దాన్ని శ్రద్ధగా చదివేవారు ఉండాలి. వాళ్లను తయారుచేసే పని కళాశాల ప్రయోగశాలల్లో ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. కొత్తగా కొనాల్సిన పరికరమేదీ లేదు.