రైలుకు కావలసింది రుజువైన లెక్క

పాలమూరు కూలీలు బొంబాయికి, పూనాకు వలసపోవడం కొత్త కాదు. కోస్గి, కొడంగల్ ప్రాంతాలవారికి ఆ దారి తాండూరు స్టేషను నుంచే. వికారాబాదు, తాండూరు, వాడి మీదుగా పోయే ఆ మార్గంలోనే దేశపు రైలు రక్షణ యంత్రాంగం 'కవచ్' తొలి పరీక్షలు జరిగాయి. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వేమంత్రి అశ్వినీ వైష్ణవ్ స్వయంగా ఇంజనెక్కారు. అదే పట్టాపై ఎదురుగా మరొక ఇంజను ఉండగా, మంత్రి ఎక్కిన ఇంజను సుమారు 380 మీటర్ల దూరాన తనంతట తానే ఆగింది.

అది సంతోషించదగిన విషయమే. అయితే ఒక్క వానాకాలం నిలిచినంత మాత్రాన చెరువు కట్ట గట్టిదని రైతు నమ్మడు. డ్రైవరు ఎర్రదీపం దాటబోతే బ్రేకు వేసేది ఇంజనులోని కంప్యూటరు. దానికి ఎప్పుడేం చేయాలో చెప్పే ప్రోగ్రాము రాసేది మనుషులు. ఎరుపు, ఆకుపచ్చ మాత్రమే చూపే సిగ్నళ్లు 20 ఉన్నాయనుకున్నా, అవి 10,48,576 విధాలుగా వెలగవచ్చు. రైళ్లు, పట్టాల మళ్లింపులు కలిస్తే ఆ లెక్కకు అంతుండదు. అన్నింటినీ నడిపి చూడడం ఎవరి తరమూ కాదు.

ఈ చిక్కుకు ఫ్రాన్సు పరిశోధకుడు జాన్ రేమాఁ అబ్రియాల్ దారి చూపారు. ముందుగా యంత్రం ఎలా నడవాలో గణిత భాషలో నమూనా రాయాలి. రెండు రైళ్లు ఒకే పట్టా భాగంలోకి రాకూడదన్న నియమం ఏ స్థితిలోనూ తప్పదని, బడిలో సిద్ధాంతం రుజువు చేసినట్టు రుజువు చేయాలి. ఆ తర్వాతనే ప్రోగ్రాము. ఆయన 'బి' పద్ధతితో తయారైన డ్రైవరు లేని పారిస్ మెట్రో 14వ లైను 1998లో ప్రారంభమయింది. అందుకు సుమారు 28 వేల రుజువులు అవసరమయ్యాయి. రుజువైన భాగంలో తర్వాతి పరీక్షలలో ఒక్క తప్పూ దొరకలేదు.

కవచ్‌కు అత్యున్నతమైన నాలుగవ భద్రతా శ్రేణి ధ్రువపత్రం ఉన్నది. ఆ శ్రేణి ప్రోగ్రాములకు గణిత నిరూపణ వాడాలని యూరపు రైల్వే ప్రమాణం గట్టిగా సిఫారసు చేస్తున్నది. మన యంత్రాంగంలో ఏ భాగం రుజువైనదో, ఏది పరీక్షతోనే సరిపెట్టబడిందో రైల్వేశాఖ ప్రజలకు వెల్లడించాలి.

రుజువు కాగితం మీదిది. పట్టాల వద్ద పని దానికి తగినట్టు లేకపోతే ప్రయోజనం లేదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహానగా బజార్ వద్ద 290 మందికి పైగా మరణించారు. అక్కడ కవచ్ లేదు. సిగ్నల్ తీగల మార్పు పనిలో లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలింది. కనుక తీగ మార్చిన ప్రతిసారీ నమూనాతో సరిచూడడం తప్పనిసరి చేయాలి.

కవచ్ పరికరాలు తయారుచేసే సంస్థలు హైదరాబాదులో ఉన్నాయి. కోస్గి పాలిటెక్నిక్ 2024లో ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల అయింది. అక్కడి కంప్యూటరు విద్యార్థులకు ప్రోగ్రాము రాయడంతోపాటు రుజువు చేయడమూ నేర్పాలి. రాత్రి రైలులో కిక్కిరిసి నిద్రపోయే పాలమూరు కూలీ తన ప్రాణాన్ని ఆ లెక్కకే అప్పగిస్తున్నాడు. ఆ లెక్క సరైనదని ముందే తేల్చవలసిన బాధ్యత ఏలినవారిది.