సోమవారపు కడుపునొప్పి

పిల్లలూ,

బడిలో కళ్ళ పరీక్ష చేస్తే చూశారు కదా! గోడకు అక్షరాల అట్ట తగిలించి, ఒక కన్ను మూసుకొని చదవమంటారు. అందరిచేతా అలా చదివిస్తేనే గాని, ఫలానావాడికి నల్లబల్లమీది అక్షరాలు ఆనడం లేదని మాకు తెలియదు. అంతదాకా వాణ్ణి మొద్దు అనుకుంటాం.

మనసులోని బెంగను కనిపెట్టడానికి కూడా అటువంటి అట్ట ఒకటుంది. రాబర్ట్ గుడ్‌మన్ అనే లండను వైద్యుడు 1997లో దాన్ని ప్రకటించాడు. అందులో 25 వాక్యాలుంటాయి. ఒక్కొక్కదానికీ ‘కాదు’, ‘కొంతవరకు’, ‘అవును’ అనేవాటిలో ఒకటి గుర్తు పెట్టాలి. తల్లిదండ్రులూ, మేష్టారూ, 11 ఏళ్ళు దాటిన పిల్లలూ ఎవరికి వారే నింపవచ్చు. లెక్క తమాషాగా ఉంటుంది. కష్టాలను గురించినవి 20 వాక్యాలు. వాటికి హెచ్చు మార్కులు 40. తక్కిన 5 మంచి గుణాలను గురించినవి. వాటిని ఇందులో కలపరు. ఎన్ని మార్కులు వచ్చినా పాసూ లేదు, ఫెయిలూ లేదు.

అందులో ఒక వాక్యం తలనొప్పి, కడుపునొప్పులను గురించి. మనసు సంగతి అడిగే కాగితంలో కడుపెందుకంటారా? మెదడుకూ ప్రేగులకూ మధ్య నాడులున్నాయి. బెంగపడితే ఆ కబురు ప్రేగులకు చేరి, వాటి కదలిక మారుతుంది. అప్పుడు వచ్చేది నిజమైన నొప్పే.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. నేను కొత్తగా హెడ్మాస్టరునైనప్పుడు, ఏడో తరగతి కుర్రవాడొకడు ప్రతి సోమవారమూ కడుపునొప్పి అనేవాడు. “లెక్కలు చెయ్యనివాడికి వచ్చే నొప్పి ఇదేరా!” అన్నాను, అందరి ముందూ. తరగతంతా నవ్వింది. మళ్ళీ వాడు నొప్పి మాట ఎత్తలేదు. రోగం కుదిర్చాననుకున్నాను. రెండు నెలలకు వాడు బడే మానేశాడు. ఆదివారం సంతలో తండ్రి ఇచ్చే చిల్లరను సోమవారం దారికాచి పెద్దపిల్లలు లాక్కునేవారట, ఇవ్వకపోతే కొట్టేవారట!

అల్లరివాడి సంగతి బడి అంతటికీ తెలుస్తుంది. లోలోపల కుమిలేవాడు కనబడడు. అందుకే అందరినీ అడగాలి. అయితే ఆ కాగితం జబ్బు పేరు చెప్పదు. ఎవరితో నింపాదిగా మాట్లాడాలో చూపుతుంది, అంతే. జవాబులు పదిమందిలో చదవకూడదు. అడిగి ఊరుకునే బడికంటె అడగని బడే నయమని నా అభిప్రాయం.

మీ బడిలో ఇటువంటి కాగితం ఇవ్వకపోతే? మీకు నచ్చిన మేష్టారికో, అమ్మకో, అమ్మమ్మకో చెప్పండి. ఎవరికీ చెప్పలేకపోతే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టిన ఏర్పాటు అది; రాత్రింబవళ్ళు పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే, “సోమవారం నాకు కడుపునొప్పి వస్తుందండీ” అన్నా చాలు.