మిట్టి తెలిసినోళ్లను అడగలే

మేడ్చల్ దగ్గర ఇల్లు కట్టుకున్న మొదటి ఏడాది నేను 9,000 రూపాయలు పెట్టి 11 టమాటాలు పండించిన. హిసాబ్ చేసింది అమ్మీ. ఒక్కొక్కటి 800 రూపాయల పైనే పడ్డదట. "బేటా, వీటిని ఖట్టీ దాల్‌ల వెయ్యాల్నా, అల్మారీల పెట్టి తాళం వెయ్యాల్నా?" అని అడిగింది.

ఇప్పుడు మా దిక్కు, శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా, కొత్త కాలనీలల్ల అందరికీ ఇంటి తర్కారీ షౌక్ పట్టింది. మంచి షౌకే. మందు కొట్టని పాలకూర తినాలని, పిల్లలకు కాయ కాసేది చూపెట్టాలని ఎవరికి ఉండది? కానీ ఏడాది తిరిగేసరికి సగం డాబాల మీద ఖాళీ గ్రో బ్యాగులు ఎండకు చినిగిపోయి కనబడతయి. అడుగుడు నా పని కాబట్టి, కనబడ్డోళ్లనల్లా ఏమైందని అడిగిన. అందరివీ దాదాపు నా గల్తీలే.

అసలు మొదటి గల్తీ బజారుకు పోవుడు. ఏ నెలల ఏది పెట్టాల్నో తెలవక ముందే నేను స్ప్రే పంపు కొన్న, కొబ్బరి పొట్టు ఇటుకలు కొన్న, బొమ్మలు చూసి 12 రకాల విత్తనాల పాకెట్లు కొన్న. అప్పుడు ఫిబ్రవరి ఆఖరు. టమాటా నారు పోసి, కుండీలల్లకు మార్చి, పూత వచ్చేసరికి ఏప్రిల్ దాటింది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకుంటే టమాటా పూత నిలవదు, రాలిపోతది. నాకది తెల్వది. బలం లేక రాలుతుందనుకుని ఖాద్ మీద ఖాద్ వేసిన. ఆకులు మాత్రం దిట్టంగ వచ్చినయి.

చిక్కుడు సంగతి చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గయితది. అమ్మీకి సేమ్ కీ ఫల్లీ అంటే ప్రాణం. ఆమె కోసమని ఆ ఏడాది టమాటా కన్నా ముందే, జనవరిల, గింజ పెట్టిన. తీగ గ్రిల్లు మొత్తం అల్లుకుంది. ఎండాకాలం పోయింది, వానలు వచ్చినయి, ఒక్క పువ్వు లేదు. ఆగస్టుల కోపం వచ్చి మొదలు కాడికి కోసి పారేసిన. తర్వాత తెలిసింది, మన నాటు చిక్కుడు పొద్దు చిన్నగైతేనే పూస్తదని. అందుకే మనోళ్లు వానలతోని పెట్టి, దసరా దాటినంక పూత చూసి, సంక్రాంతికి బుట్టలు నింపుతరు. నేను ఎనిమిది నెలలు నీళ్లు పోసి, పూతకు రెండు నెలల ముందు చంపిన. బేసబ్రీ అంటే ఇంకేముంటది?

మిట్టి విషయంల మా అందరిదీ ఒకటే కథ. ఇల్లు కట్టినంక ముంగట మిగిలేది మట్టి కాదు, సిమెంటు పెళ్లలు, కంకర, సున్నం కలిసిన మలబా. అందుల వంకాయ నారు పెడితే ఆకు పచ్చబారి కూసుంటది. అది చూసి నేను ట్రాక్టరు ఆయనతోని చెరువు మట్టి తెప్పించిన. 2015ల మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువు పూడిక పొలాలకు తోలుతుంటే నేనే వార్తలు రాసిన, దాని బలం నాకు తెలుసు అనుకున్న. రైతు దాన్ని ఎర్రచెల్కల మీద పలుచగ చల్లి దున్నుతడు. నేను ఉత్త పూడికనే కుండీల నిండా నింపిన. వానకు ముద్దయింది, ఎండకు పలిగి రాయి అయింది, వేర్లు కుళ్లినయి. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, నీళ్లు దిగడానికి ఇంత ఇసుక, ఇప్పుడు నేను కలిపేది ఇంతే. మాగిన ఎరువు అని ఎందుకంటున్ననంటే, డెయిరీ నుంచి తెచ్చిన పచ్చి పేడ వేసి వేర్లు మాడగొట్టిన, వేరు పురుగును కూడా నేనే దావత్‌కు పిలిచిన.

ఇక నీళ్లు. నేను చూసిన కుండీలల్ల మొక్కలు దాహంతోని కన్నా తాగి చచ్చినయే ఎక్కువ. మా ఇంట్ల వుజూ నీళ్లు ఇస్రాఫ్ కావద్దని అమ్మీ తసలల పట్టి మొక్కలకు పోస్తది. నియ్యత్ మంచిదే. కానీ ఐదు పూటల నీళ్లూ నల్లా పక్కనున్న ఒకటే మిర్చి కుండీకి పోయేది. మిర్చి పోయింది. అదే జాగల ఇప్పుడు పుదీనా పెడితే గుబురుగ పెరుగుతుంది. మిగతా వాటికి వేలు రెండు గణుపుల లోతు మట్టిల పెట్టి చూస్తం, తడి తగిలితే ఆ రోజు నీళ్లు బంద్.

ఇదంతా ఏడాది పొడుగునా గేటు కాడ కూసుని ఒక పెద్దాయన చూస్తుండె. మా కాలనీ వాచ్‌మన్. నేను నమస్తే పెడుదు, ఆయన పార్శిల్ ఇచ్చు, అంతే మా మాట. ఒకరోజు సొర పిందెలు పచ్చబారి రాలుతున్నయని ఎవరితోనో ఫోన్ల చెప్తుంటే విని నవ్విండు. "మందు కాదు సాబ్, మొగపువ్వు కావాలె" అన్నడు. సొర పువ్వు పొద్దూకినంక విచ్చుకుంటది. కొత్త కాలనీల, లైట్ల నడుమ, రెక్కల పురుగులు ఎక్కడివి? మగ్రిబ్ తర్వాత వచ్చి, ఒక మొగపువ్వు తెంపి, రెక్కలు తీసేసి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకు మెల్లగ తాకించిండు. నేను ఫోన్ టార్చ్ పట్టుకుని నిలబడ్డ. ఆ పిందె రాలలే.

ఎట్ల తెలుసు తాతా అంటే, గేటు దిక్కు చెయ్యి చూపిండు. "ఈ మీ కాలనీల మూడెకరాలు నేను కౌలుకు చేసిన. ద్రాక్ష తోట పీకేసినంక వంకాయ, బీర పెట్టిన. రాత్రి కోసి తెల్లారేసరికి బోయిన్‌పల్లి మార్కెట్ల దించేది."

మేడ్చల్, శామీర్‌పేట అంటే ఒకప్పుడు ద్రాక్షే. అనాబ్-ఎ-షాహీ గుత్తులు పట్నం బండ్ల మీద ఎక్కడ చూసినా ఉండేవి. బోర్లు ఎండినయి, భూమి రేటు పెరిగింది, పందిళ్లు పోయి ప్లాట్లు వచ్చినయి. ఆ భూమి మీదనే ఇల్లు కట్టి, నేను మట్టి బస్తా కొన్న. ఆ భూమిని దున్నినాయనను గేటు కాడ పెట్టుకుని, ఎక్కడో పుణెల, కేరళల ఉన్నోళ్ల వీడియోలు చూసి విత్తనం పెట్టిన. వాళ్ల వాన వేరు, వాళ్ల ఎండ వేరు.

ఇంకొకటి కూడ చెప్పాలె. పోయినేడు ఆయన కాంపౌండ్ గోడ పొంటి నాలుగు సాళ్లు గోంగూర, మిర్చి వేసుకున్నడు. కాలనీ మీటింగ్ల ఎవరో లేచి, చూడ్డానికి బాగలేదు, లాన్ వెయ్యాలె అన్నరు. అందరూ సరే అన్నరు. ఆ గోంగూర అంబాడే కీ భాజీ అయి నా దస్తర్‌ఖాన్ మీదికి కూడా వచ్చింది. నేను ఆ మీటింగ్ల కూసున్న, నోరు తెరవలే. నా గల్తీలల్ల ఇది తర్కారీ గల్తీ కాదని మీరంటే అనొచ్చు, నేను అనను.

ఈసారి మీటింగ్ల నేను మాట్లాడత. ఆ గోడ పొంటి జాగ ఆయనకియ్యాలె. మా డాబాలు చూసి నేర్పినందుకు నెలకింత తన్ఖాల కలపాలె, ఈద్‌కు ఇచ్చే బఖ్షీష్ లెక్కల కాదు. కొత్తగ పెట్టేటోళ్లు మిర్గం దాకా ఆగి గోంగూర, తోటకూర, బెండ, ఈ మూడే పెట్టుకుంటే చాలు, స్ప్రే పంపు అవసరమే పడకపోవచ్చు.

మొన్న మిర్గం రోజు ఆయన తువ్వాల కొసకు ముడేసి ఏడు చిక్కుడు గింజలు తెచ్చిండు. ఊర్లె అక్క ఇంటి నుంచి అట. గ్రిల్లు కింద తానే గుంత తీసి మూడు పెట్టి, మిగిలిన నాలుగు అమ్మీ చేతిల పోసి, నా దిక్కు తిరిగిండు. "దసరా దాకా కత్తి ముట్టుకోకు సాబ్."