మత్తు గుట్టు విప్పే పని మన ఊళ్లోనూ జరగాలి

ఆపరేషన్ థియేటర్ బయట నన్ను అందరూ అడిగేది ఒకటే: "మత్తు దిగుతుంది కదా డాక్టరుగారూ?" దిగుతుందని ధైర్యంగా చెబుతాను. అసలు ఎలా ఎక్కుతుందని మాత్రం ఎవరూ అడగరు. మా పీజీ విద్యార్థులైనా అడగాలి.

ఈ ప్రశ్నతో హైదరాబాద్‌కు పాత చుట్టరికం ఉంది. బోస్టన్‌లో ఈథర్‌తో నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేసి చూపించిన 1846లోనే ఇక్కడ మెడికల్ స్కూల్ మొదలైంది. అదే నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీ. 1888, 1889ల్లో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాం ఖర్చుతో రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. ఇక్కడే చదివిన రూపాబాయి ఫర్దూంజీ క్లోరోఫాం ఇచ్చే డాక్టరయింది. క్లోరోఫాం ఊపిరిని ఆపుతుంది గానీ నేరుగా గుండెను ఆపదని కమిషన్ తేల్చింది. ఆ తీర్పు తర్వాత నిలబడలేదు. అయినా లోకమంతా వాదించుకుంటున్న ప్రశ్నకు మన ఊరు సొంత డబ్బుతో జవాబు వెతికింది, అది నాకు గర్వకారణం.

మత్తు ఎక్కినప్పుడు నాడీకణంలో ఏం జరుగుతుందో చెప్పే మొదటి గట్టి ఆధారాల్లో ఒకటి చెరువు నత్త ఇచ్చింది. 1988లో లండన్‌లో ఫ్రాంక్స్, లీబ్ ఆ నత్త నాడీకణానికి హాలోథేన్ అనే మత్తు వాయువు తగిలించారు. కణంలోంచి పొటాషియం బయటికి పోవడం పెరిగింది, కణం మూగబోయింది. మూసినా కాస్త కారుతూనే ఉండే చెరువు తూముల్లాంటి దారులు నాడీకణానికి ఉంటాయి. వాటిలోంచి పొటాషియం ఎక్కువగా పోతే లోపల రుణ విద్యుత్తు పెరిగి, కణం సంకేతం పంపలేదు. 1999లో ఫ్రాన్స్‌లో లాజ్డున్‌స్కీ బృందం అలాంటి ఒక దారిని, ట్రెక్-1ను, మత్తు వాయువులు తెరుస్తాయని చూపింది. లారీ వాడిన క్లోరోఫాం, నేను డయల్ తిప్పి ఇచ్చే ఐసోఫ్లూరేన్ రెండూ దాన్ని తెరిచేవే.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఈ దారిని తెరిచే, మూసే ఎంజైముల సంగతి. కణపు పొరలో కొవ్వు గుంపులుగా పేరుకుని ఉంటుంది. ఫాస్ఫోలైపేజ్ డి2 అనే ఎంజైము ఆ గుంపుల్లో ఇరుక్కుని ఉంటుంది. మత్తు ఆ గుంపులను చెదరగొడితే ఎంజైము విడుదలై ట్రెక్-1 దగ్గరికి చేరి, ఫాస్ఫాటిడిక్ ఆమ్లం తయారుచేసి దాన్ని తెరిపిస్తుందని 2020లో స్క్రిప్స్ సంస్థలో లెర్నర్, హాన్సెన్ బృందం చెప్పింది. ఆ ఎంజైము లేని పండు ఈగలు మత్తుకు అంత తేలిగ్గా లొంగలేదు. ఇంకోవైపు ప్రోటీన్ కైనేజ్ ఎ, సి ఎంజైములు అదే దారికి ఫాస్ఫేట్ తగిలించి మూస్తాయి. అంటే కణం సొంత సంకేతాలకూ మా మందుకూ ఒకే దారి మీద పెనుగులాట!

ఇదే పూర్తి జవాబు కాదు. ట్రెక్-1 లేని ఎలుకలకు మందు ఎక్కువ పట్టింది గానీ, అవీ చివరికి మత్తులోకి వెళ్లాయి. ప్రొపోఫాల్ అనే మత్తుమందు ముఖ్యంగా కణం మీద ఉండే గాబా గ్రాహకాల మీద పనిచేస్తుంది. తేలాల్సింది ఇంకా చాలా ఉంది.

మా పీజీ విద్యార్థుల థీసిస్‌లు మాత్రం చాలావరకు రెండు మందుల్లో ఏది ముందు పనిచేస్తుందన్న పోలికలతోనే ముగుస్తున్నాయి. తప్పు వాళ్లది కాదు, కణాన్ని చూసే సామగ్రి వాళ్లకు అందుబాటులో లేదు. ఉస్మానియా మత్తు విభాగాన్నీ ఫిజియాలజీ విభాగాన్నీ కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీతో కలిపి ఒక ఉమ్మడి ప్రయోగశాల పెట్టించమని, ఏటా కొందరు పీజీలకు అక్కడ థీసిస్ చేసే వీలు కల్పించమని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను.