పాట రాసినవాడి వాటా

'షోలే' (1975)లో గబ్బర్ సింగ్ మాటలు రాసిన సలీం-జావేద్ జంట గుర్తుంది కదూ? ఆ జావేద్ అఖ్తర్ 2010లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. సినిమావాళ్లు సభకెళ్లి ఏం ఊడబొడుస్తారని మన కుర్రకారు నవ్వుతుంటారు. నవ్వండి, కానీ 2012 మే 17 సంగతి విన్నాక నవ్వండి.

ఆ రోజు సభలో కాపీరైట్ సవరణ బిల్లు. అంతకుముందు వ్యవహారం ఎలా ఉండేదంటే, వేరే ఒప్పందం లేకపోతే సినిమా పాట మీద, బాణీ మీద హక్కు నిర్మాతదే. 1977లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. పాట ఊరూరా మోగుతుంది, డబ్బు నిర్మాతకో రికార్డుల కంపెనీకో చేరుతుంది. రాసినాయనకి? మొదట్లో ఇచ్చిన పారితోషికమే. (అదైనా పూర్తిగా ముడితే!)

అఖ్తర్ లేచి, గొప్ప పాటలిచ్చినవాళ్ల బతుకులు చివరికి ఎలా తెల్లారాయో చెప్పారు. ఆయనా పాటలు రాస్తారు, ఆయనకీ లాభమేగా అంటారా? నన్నడిగితే, ఆ బాధ తెలిసినవాడు కాక ఇంకెవరు మాట్లాడతారండీ!

బిల్లు ఆ రోజే అక్కడ, 22న లోక్‌సభలో నెగ్గింది. థియేటర్లో సినిమాతోపాటు వినిపించే పాట సంగతి వేరు. రేడియోలోనో, టీవీలోనో, ఫోన్లోనో మోగితే వచ్చే రాయల్టీలో మాత్రం రచయితకీ, సంగీత దర్శకుడికీ సమాన వాటా దక్కాలి. "నాకొద్దు" అని నిర్మాతకు రాసిచ్చినా చెల్లదు! మన తెలుగు కవులకూ ఇదే చట్టం.

ఇక ఆ వాటా చేతికందడం మరో పెద్ద కథ. అది వచ్చే వారం.